నూటఎనభై దగ్గర ముల్లు

డ్రైవరు పగటిపూట నడుం వాల్చడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే. జ్వరం వచ్చినా కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు, భోజనం కాగానే వీధిలో నాలుగు చక్కర్లు కొడతాడు. "మా బావకి ఒక్కసారి కునుకు పడితేనే ఇంజను పోయింది, ఇంకోసారి పడితే ఏం పోతుందోనని హడలు," అని చెల్లెలి మొగుడు పదిమందిలో అంటే అందరితో పాటు తనూ నవ్వేసేవాడు. ఏం చేస్తాడు మరి, తప్పు తనదాయె!

ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో ఈయన డ్రైవరు, ఒకరినొకరు బావా అని పిలుచుకునే ఆ చెల్లెలి మొగుడే పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్. ఒక ఉదయం వంతెన దాటాక, ఎడమ మలుపులో సిగ్నల్ ఆపమంటున్నా బండి ఆగలేదు. ముందు నిలబడ్డ గూడ్సును వెనకనుంచి గుద్దేసింది. గూడ్సు గార్డుకి కాలు పోయింది. డ్రైవరు తలకి దెబ్బ తగిలి ఆ పూట జరిగిందేదీ గుర్తులేకుండా పోయింది. విచారణలో ఫైర్‌మన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాడు: "ఎర్ర సిగ్నల్ చూశానండీ. రెండుసార్లు అరిచాను, భుజం పట్టి కుదిపాను. మా బావ కునుకులో ఉన్నాడు." ఏడుస్తూ చెప్పే చెల్లెలి మొగుడి మాటను ఎవరు కాదంటారు? అందరికంటే ముందు డ్రైవరే నమ్మాడు. ఈయన్ని ఇంజను దింపి షెడ్డులో బూడిద ఎత్తే పనిలో వేశారు. ఏడాది తిరక్కుండానే బొగ్గు వేసిన ఆ బావ డ్రైవరయ్యాడు.

ఇప్పుడు ఆ దారినంతా డ్రైవరు కూతురు కంప్యూటర్లో మళ్ళీ పరిచింది. ఇంటి వెనక గదిలో చెక్కలతో ఇంజను గది కట్టింది. ఎదురుగా తెరలు, పాత ఇనుము కొట్లో దొరికిన అసలు బ్రేకు పిడి, అసలు పార. పార ఊపిన ప్రతిసారీ లెక్క కట్టి, నిజం ఇంజనులోలాగే ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు లేస్తుంది, పడుతుంది. ఏడాదిపాటు తండ్రి పక్కన కూర్చుని మెరక ఎక్కడ, విజిల్ ఎక్కడ అన్నీ చెప్పాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మలూ, ఆ రోజు బండే పెట్టు. ఈసారైనా ఆపాలి నేను. ఏ రోజు బండో మావయ్యకి మాత్రం చెప్పకు, పాపం బాధపడతాడు."

కూతురు సరేనని, బొగ్గు వెయ్యడానికి ఆదివారం రమ్మని మావయ్యకి కబురు పెట్టింది.

ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. పారను చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది, చొక్కా చేతులు మడిచాడు. "నడుం పట్టేస్తే అత్తయ్యకి సమాధానం నువ్వే చెప్పుకోవాలి," అని మేనకోడలిని ఆటపట్టించాడు. బండి కదిలింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే పని అందుకున్నారు. అబ్బ, ఏం జోడీ!

వంతెన వచ్చింది. ఎడమ మలుపులో కుడిపక్క కూర్చున్న డ్రైవరుకి ఇంజను పొట్ట అడ్డొచ్చి సిగ్నల్ కనపడదు. డ్రైవరు అడగాలి, ఫైర్‌మన్ తల బయటపెట్టి చూసి చెప్పాలి. అది పద్ధతి. అక్కడ ఎర్ర సిగ్నల్ ఉందని ఈయనకి తెలుసు, చెయ్యి బ్రేకు మీదే ఉంది. అలవాటుకొద్దీ నోరు అడిగేసింది.

"సిగ్నల్?"

"లైన్ క్లియర్!" అన్నాడు బావ.

తల ఎత్తలేదు. మెరక ముందు ఆవిరి కావాలి కదా, నడుం వంచి పార మీద పార వేస్తూనే, అటు చూడకుండానే అనేశాడు. తెలిసి తెలిసీ డ్రైవరు చెయ్యి ఆ మాటకి బ్రేకు వదిలేసింది. ఎర్ర సిగ్నల్ పక్కనుంచి దూసుకుపోయింది. ఎదురుగా గూడ్సు వెనక పెట్టె పెద్దదై, తెరలు నల్లబడ్డాయి. ముల్లు నూటఎనభై దగ్గర ఆగిపోయింది.

"విచారణ కాగితంలోనూ, గుద్దుకున్నాక ముల్లు నూటఎనభై దగ్గరే ఆగిందని ఉంది నాన్నా," అంది కూతురు. "నలభైసార్లు నడిపి చూశాను. మావయ్య పార ఆపి బయటికి చూసి, అరిచి, నిన్ను కుదిపి ఉంటే ముల్లు నూటయాభైకి పడిపోవాలి. అలా నడిపితే ఒక్కసారి కూడా నూటఎనభై రాలేదు."

డ్రైవరు బావ వైపు తిరిగాడు. "నేను అడిగాను కదూ ఆ రోజు?"

బావ పారను గోడకి ఆనించాడు. అది జారి పడింది, తీయలేదు.

"అడిగావు."

"మెలకువగానే ఉన్నాను."

"పిల్లలు పసివాళ్ళు బావా. ఉద్యోగం ఊడేది. నీకెలాగూ గుర్తులేదు కదా అని..."

డ్రైవరుకి ఒళ్ళంతా మండిపోయింది. "గుర్తులేదనా! ఆ గార్డు ఇంటికెళ్ళి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. నువ్వు నా పక్కనే నిలబడ్డావురా! నా వీపు నిమిరావు!"

"దానికి మాత్రం చెప్పకు బావా. నీ చెల్లెలు నా మొహం చూడదు."

"నా చెల్లెలికి నేను చెప్పను. నువ్వు చెప్పు. ఇవాళే, నువ్వే చెప్పు. వెళ్ళు."

బావ చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. గేటు మూసిన చప్పుడు వినిపించేదాకా డ్రైవరు బ్రేకు పిడి వదల్లేదు. కూతురు టీ తెచ్చింది. ఆయన ముట్టలేదు. నేరుగా ముందుగదిలోకి వెళ్ళి, పట్టపగలు, కిటికీలోంచి ఎండ మొహాన పడుతుండగా, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

కూతురు చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసింది. సాయంత్రం వచ్చి చూస్తే అలాగే పడుకుని ఉన్నాడు, కళ్ళు తెరుచుకుని.