నాగులమ్మ కెప్టెన్

మధ్యాహ్నం అన్నాలయ్యాక భానుప్రియ లాప్‌టాప్ తెరిస్తే, వాళ్ళమ్మ నాగులమ్మ దాని కింద తప్పేలా తెచ్చి పెడుతుంది. ఆటలోని సముద్రం కారుతుంది మరి. నేల తడిస్తే ఎవరు తుడుస్తారు?

బోటేసుకుని చేపలు పట్టే ఆట అది. కెప్టెన్ మాత్రం ఒక్కడే, గడ్డం మనిషి. టోపీ మార్చుకోవచ్చు, గడ్డం రంగు మార్చుకోవచ్చు, ఆడమనిషిని పెట్టుకోవడానికి మాత్రం లేదు. ఆట తయారుచేసినవాళ్ళు ఏ దేశంవాళ్ళో గానీ, ఈ మైపాడు ఊరి పెద్దమనుషులకు దగ్గర చుట్టాల్లా ఉన్నారు. ఇక్కడ బోటుకు పసుపు కుంకుమ పెట్టేది ఆడవాళ్ళు, చేపలు మోసి అమ్మేది ఆడవాళ్ళు. ఎక్కకూడనిదీ వాళ్ళే.

భాను నాయన పోయి ఏడాదైంది. "మగదిక్కు లేని ఇంటికి బోటెందుకు వదినా? శుక్రవారం వచ్చి తీసకపోతా" అని చిన్నాయన జయరామయ్య తేల్చేసి వెళ్ళాడు. గాలి ఎటు తిరుగుతుందో ఇన్నేళ్ళూ ఒడ్డున నిలబడి మొగుడికి చెప్పి పంపింది నాగులమ్మే. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

"అమ్మా, నిన్ను కెప్టెన్ని చేస్తా" అంది భాను.

"ముందు ఆ తప్పేలా పారబోసి రా."

ఆటను మనకు కావలసినట్టు మార్చుకోవడాన్ని మాడ్ చెయ్యడం అంటారు. భాను వీడియోలు చూసి మొదలుపెట్టింది. ముందు ఆట ఫోల్డరుకు కాపీ తీసి దాచింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, నడిపి చూడాలి. తొలిగా వల ఫైలు తెరిచి, కన్ను సైజు దగ్గర నాలుగు అని కొట్టింది. ఈ ఊళ్ళో వల కన్ను వేళ్ళతో కొలుస్తారు. ఆట సెంటీమీటర్లలో కొలుచుకుని కన్ను చిన్నది చేసేసింది. తప్పేలా నిండా చిట్టి చేపపిల్లలు వచ్చిపడ్డాయి.

"ఏందే ఇది, పాలు తాగే పిల్లల్ని పట్టకొచ్చినావు?" నాగులమ్మ వాటిని తీసుకెళ్ళి సముద్రంలో వదిలి వచ్చింది.

తర్వాత కెప్టెన్ ఫైలు. ఒక కామా మరిచిపోతే ఆట తెరుచుకోనే లేదు. కామా పెట్టాక, కొంగు నడుముకు బిగించిన నాగులమ్మ తెరమీద చుక్కాని పట్టుకుని నిలబడింది. చోటు పోయిన గడ్డమాయన కీబోర్డు మీదుగా దిగి, నీళ్ళు కారుతూ వసారాలో నిలబడ్డాడు.

"కాళ్ళు తుడుచుకో నాయనా" అని గోనెపట్టా చూపించి, నాగులమ్మ మజ్జిగ ఇచ్చింది.

ఆయనకు ఆటలో రాసిన మాటలు తప్ప వేరే రావు. అన్నీ హుకుములే. భాను వాటన్నిటినీ చెరిపేసి, కొత్తగా ఒక్క మాట రాసింది.

శుక్రవారం జయరామయ్య ఒడ్డుకొచ్చేసరికి బోటులో చుక్కాని దగ్గర నాగులమ్మ ఉంది. గడ్డమాయన బక్కెట్టుతో అడుగునీళ్ళు తోడిపోస్తున్నాడు.

"దిగు వదినా! మగదిక్కు లేకండా..."

"ఉండాడు గదా, కనపడలా?"

జయరామయ్య గడ్డాన్ని చూసి చేతులు జోడించాడు. "అయ్యా, తమరన్నా చెప్పండి."

ఆయన బక్కెట్టు దించి, నాగులమ్మ వైపు తిరిగాడు.

"ఎటు పోదాం, కెప్టెన్?"

నాగులమ్మ ముఖం ఎత్తి గాలి చూసుకుంది. "తూర్పుకి."

చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు దించి బోటుకు భుజాలానించారు. భానూ ఆనించింది. బోటు ఇసకలోంచి కదల్లేదు.

"ఏం చూస్తా ఉండావు జయరామయ్యా?" అంది వాళ్ళలో ఒక ముసలమ్మ. "చెయ్యెయ్యి, బరువుగా ఉండాది."

ఇంతమంది ఆడవాళ్ళు చూస్తుండగా ఏం చేస్తాడు? పంచె ఎగ్గట్టి తోశాడు.