రేడియో మూగబోయిన రోజు

మేస్త్రికి ఆ రోజు నిద్ర లేస్తూనే ఒళ్ళంతా అలసటగా ఉంది. ఎలాగో కార్ల రిపేరు షెడ్డు షట్టరు పైకెత్తి, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడో లేదో, నర్సమ్మ కారు మళ్ళీ వచ్చి గుమ్మంలో ఆగింది.

పోయిన నెల ఆ కారు ఆల్టర్నేటర్ విప్పి, బాగుచేసి బిగించింది ఆయనే. కొన్నాళ్ళకే స్టార్ట్ చేస్తే చాలు కీచుమంటోందని ఆవిడ పోయిన వారం తెచ్చింది. మేస్త్రి బెల్ట్ అరిగిందన్నాడు, కొత్తది వేశాడు, చెవి ఒగ్గి విని, "పసిపాపలా నిద్రపోతోందమ్మా" అని పంపేశాడు.

"నిద్రా పాడా! ఏడుస్తోంది మేస్త్రీ," అంది నర్సమ్మ. రాత్రంతా ఆస్పత్రి డ్యూటీలో నిలబడి వచ్చిన మొహం. "మా వీధి వీధంతా లేచి కూర్చుంటోంది. ఇక నాకు తిరిగే ఓపిక లేదు. మీ వల్ల కాకపోతే కాదని చెప్పేయండి."

మేస్త్రి మొహం మాడిపోయింది. ఇంతకంటే పెద్ద షెడ్లు ఊళ్ళో బోలెడున్నాయి. జనం ఈ ఇరుకు సందు వెతుక్కుంటూ వచ్చేది ఆయన చెవి కోసం. ఇంజన్ విని రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరు కాస్తా పోతే మిగిలేది చేతిలో పానా ఒక్కటే, అది ఎవరి చేతిలోనైనా ఉంటుంది.

షెడ్డులో రెండో మనిషి ఆయన బావమరిది. అందరూ రేడియో అంటారు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంజన్ తిరిగితే చాలు, "అబ్బో, మహాతల్లి కూత మొదలెట్టింది", "బావా, కుడిపక్క ఏదో గిలగిల్లాడుతోంది", "హమ్మయ్య, నోరు మూసింది" అని ఒకటే వాగుడు. నీ నోటికి తాళం పడితే గానీ ఈ షెడ్డుకి శాంతి లేదురా అని మేస్త్రి విసుక్కోని రోజు లేదు.

ఆ తాళం ఇప్పుడు నిజంగానే పడింది. పోయిన వారమంతా రేడియో పంటినొప్పితో ఇంట్లోనే ఉన్నాడు. నిన్న పన్ను పీకించుకుని, ఇవాళ బంతిలా వాచిన బుగ్గతో, నోట్లో దూది కుక్కుకుని వచ్చాడు. అతను లేని ఆ వారం షెడ్డుకొచ్చిన బండ్లన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయని, ఒక్కటీ సణగలేదని మేస్త్రి హాయిగా అనుకున్నాడు కూడా.

"స్టార్ట్ చెయ్యమ్మా."

ఆవిడ స్టార్ట్ చేసి కిందికి దిగింది. మేస్త్రి బానెట్ కిందికి వంగాడు. ఇంజన్ గురగుర తప్ప ఇంకేమీ లేదు.

"ఏదమ్మా శబ్దం? అంతా మీ అనుమానం..." అంటూ తలెత్తాడు.

నర్సమ్మ రెండు చెవులూ మూసుకుని ఉంది. ఎదురు కొట్టు ముసలాయన మొహం చిట్లించుకుని ఇటే చూస్తున్నాడు.

"ఇంత గోల మీకు వినపడట్లేదా?"

మేస్త్రి ఇంజన్ వైపు మళ్ళీ చెవి ఒగ్గాడు. టీవీ సౌండు తగ్గించమని ఇంట్లో భార్య పోరు, ఫోను మోగుతోందని వేరేవాళ్ళు వచ్చి చెప్పడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ తప్పంతా అలసట మీదికి నెడుతూ వచ్చాడు. సన్నటి కూత ఏదీ తన చెవిదాకా రావడం లేదు. చిన్నపిల్లాడిలా భయమేసింది.

వినపడలేదని కూర్చుంటే పని జరగదు. తిరిగే బెల్ట్ మీద నీళ్ళు చిలకరించాలి. కూత ఇంకా పెరిగితే బెల్ట్ వదులుగా ఉన్నట్టు. కాస్త ఆగి మళ్ళీ మొదలైతే, బెల్ట్ తిరిగే చక్రాలు ఒక వరసలో లేనట్టు. చిలకరించడం ఎవరైనా చేస్తారు, ఆ తేడా వినాలి కదా.

నీళ్ళ సీసా పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు. అప్పుడు రేడియో వచ్చి, నర్సమ్మకి కనపడకుండా బానెట్ చాటున ఎదురుగా నిలబడి, కూత ఇంత పైన ఉందన్నట్టు చెయ్యి తలదాకా ఎత్తాడు.

మేస్త్రి నీళ్ళు చిలకరించాడు. ఆ చెయ్యి కిందికి దిగింది. కాసేపటికి మెల్లగా మళ్ళీ పైకి లేచింది.

ఇంజన్ ఆపించి, చక్రాల మీద ఇనప స్కేలు ఆనించి చూశాడు. ఆల్టర్నేటర్ చక్రం దగ్గర బియ్యపుగింజంత సందు.

"తప్పు నాదేనమ్మా. పోయిన నెల బిగించేటప్పుడు వెనక వాషర్ వెయ్యడం మర్చిపోయాను."

నర్సమ్మ కారుకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. తిట్టడానిక్కూడా ఓపిక ఉన్నట్టు లేదు. మేస్త్రి బోల్టులు వదులు చేసి, వాషర్ వేసి, బిగించాడు. ఈసారి ఇంజన్ తిరుగుతుంటే వంగి వినలేదు, రేడియో చేతినే చూశాడు. అది లేవలేదు.

"హమ్మయ్య, ఇంటికెళ్ళి పడుకుంటాను," అని నర్సమ్మ కారెక్కి వెళ్ళిపోయింది.

మేస్త్రి పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసురా నీకు?"

రేడియో దూది తీసి, నోరు సగమే తెరిచి అన్నాడు. "రెండేళ్ళయింది బావా. అక్కకి కూడా చెప్పలేదు."

ఇన్నాళ్ళూ తను తిట్టిపోసిన వాగుడంతా ఎందుకో మేస్త్రికి అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"డాక్టరు ఎన్నాళ్ళు మాట్లాడొద్దన్నాడు?" అని అడిగాడు చివరికి.

రేడియో రెండు వేళ్ళు చూపించాడు.

మేస్త్రి లేచి, షట్టరు కొక్కెం అందుకున్నాడు. "అయితే ఆ రెండ్రోజులూ షెడ్డు మూసేద్దాం. పద, ఇంటికెళ్ళి పడుకుందాం."