మూడో అంతస్తులో తడి గడప

సాలమ్మను దొంగ అన్నది మీరు. రిజిస్ట్రార్ గారూ, మీరు. వార్డెన్ మేడం గారూ, మీరు. ఆడపిల్లల హాస్టల్ మూడో అంతస్తు మెట్లెక్కకుండానే ‘భవనం ఖాళీ’ అని సంతకం పెట్టిన చెయ్యి ఏదో, సాలమ్మ మీదికి వేలు చూపించిన చెయ్యి కూడా అదే. నేను దశరథ్‌ను. మన రాళ్లగుట్ట యూనివర్సిటీలో పంపుహౌస్ మోటారు నడిపే కాంట్రాక్టు మనిషిని, కార్మిక సంఘం జెండా పట్టేవాణ్ణి. మీరు వినకుండా గది బయటికి పంపించారు కనుక ఇది రాస్తున్నాను.

మే ఎనిమిదిన సెలవులిచ్చారు. పిల్లలు సంచులు మోసుకుంటూ పాలమూరు బస్సులెక్కి పోయారు. హాస్టల్ గేటుకు తాళం పడింది. దాని తాళంచెవులు రెండే. ఒకటి మేడం దగ్గర, ఒకటి సాలమ్మ దగ్గర. పద్నాలుగేళ్లుగా ఆ హాస్టల్ ఊడుస్తున్న మనిషి సాలమ్మ. సెలవుల్లో కూడా ప్రతి సోమవారం వచ్చి కింద ఆఫీసు గది ఊడ్చి పోవాలని ఆమెకు హుకుం.

ఇరవై నాలుగున మేడం మెస్ స్టోర్ తెరిచారు. బియ్యం బస్తా మూతి విప్పి ఉంది. ఏడెనిమిది కిలోలు తక్కువ. కొంత కందిపప్పు లేదు, ఒక చింతపండు ముద్ద లేదు. పక్కన రీడింగ్ రూంలో సుద్దముక్కల డబ్బా లేదు. ఏ తాళమూ పగల్లేదు. స్టోర్ తాళంచెవి వంటగదిలో మేకుకు వేలాడుతుంది, గేటు దాటి వచ్చినవాళ్లకే అందుతుంది. గేటు తీయగలిగింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మేడం. ఇంకేముంది, మీకు దొంగ దొరికింది. మూడు రోజుల్లో నిజం తేల్చకపోతే పని బంద్ అన్నారు.

సాలమ్మ నేరుగా పంపుహౌస్‌కు వచ్చింది.

“బియ్యమంటే తిన్ననుకోనియ్యి. సుద్దముక్కలేం జేసుకుంట దశరథా? పప్పుల ఏసి ఉడకవెట్టుకుంటనా?”

“నీ మనుమనికి అక్షరాలు నేర్పుతున్నవంటరక్కా.”

“వానికింకా మెడనే నిలవడలె!”

నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పని పోతే పాయె. దొంగ పేరు మోసుకొని మా వాడల ఎట్ల తిరగాలె?”

అప్పుడు నాకు ట్యాంకు గుర్తొచ్చింది. తాళం వేసిన హాస్టల్ మీది ట్యాంకులో రోజూ నీళ్లు నాలుగు వేళ్ల మందం తగ్గుతున్నాయి. పైపు ఎక్కడో కారుతోందనుకున్నాను. కారితే పగలూ రాత్రీ కారాలి కదా. ఇది పొద్దున పూట మాత్రమే తగ్గుతోంది. పది రోజులుగా చూస్తూ కూడా నాకు తట్టలేదు. అందులో నా తప్పూ ఉంది, రాసుకోండి.

ఇద్దరం గేటు తీసి లోపలికి పోయాం. బయట ఎండ మండుతోంది. లోపల పావురాల చప్పుడు తప్ప ఏమీ లేదు. వరండాల నిండా దుమ్ము, ఏ గదికి చూసినా తాళం. మూడు వందల మంది పిల్లలు అరుచుకుంటూ తిరిగే చోట మా చెప్పుల చప్పుడు మాకే భయం పుట్టించింది. మూడో అంతస్తులో చివరి గది దాకా పోయి సాలమ్మ ఆగిపోయింది.

దుమ్ము అక్కడితో ఆగిపోయింది. ఆ తలుపు ముందు మూడడుగుల నేల ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఇంకా తడి ఆరలేదు. గడప మీద సుద్దముక్కతో రెండు గీతలు. గీతల ముందు చుక్కలు పెట్టి వేసిన చిన్న ముగ్గు.

సాలమ్మ చెప్పులు విడిచింది. “ఇది దొంగ జాగా గాదు దశరథా. ఇది ఎవరిదో ఇల్లు.”

తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. బాటనీ చదివే సుమన నిలబడి ఉంది. వెనక ఒక మంచం, పుస్తకాలు, కరెంటు పొయ్యి మీద చిన్న గిన్నె. ఏదో చెప్పబోయింది, గొంతు రాలేదు. దగ్గి మళ్లీ మొదలుపెట్టింది. పదహారు రోజులుగా మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడలేదు ఆ పిల్ల.

“ఊరికి పోతనని అందరికి చెప్పినక్కా. ఊరు యాడున్నది? మా తుమ్మలకుంట మొత్తం రిజర్వాయర్ల మునిగిపాయె. మా ఇంటి మీద ఇప్పుడు చేపలోళ్ల పడవ తిరుగుతాంది.”

“మీ బాపు?”

“పుణెల బిల్డింగు పనికి పోయిండు. రేకుల షెడ్డుల పన్నెండు మంది మొగోళ్లు పంటరు. ఆడ నేను యాడ పండాలె? మేనత్తోళ్లు రమ్మనలె, గని బాపు నేను ఆడనే ఉన్నననుకుంటుండు. ఫోన్ చేసినప్పుడల్లా అత్తకియ్యిమంటడు. బాయికాడికి పోయిందని చెప్త.”

“రెండు సోమవారాలు కింద ఊడ్సిన గద పిల్లా. ఒక్క కేక వెయ్యకపోతివి!”

సుమన తల వంచుకుంది. “నీ చీపురు సప్పుడు వినటందుకు మెట్ల మీద కూసున్న. నువ్వు మేడంను తిట్టుకుంట ఊడుస్తవు గద. నవ్వొస్తే నోరు మూసుకున్న.”

“తిట్టిన మాటలన్ని విన్నవా? ఇగ నా బతుకు నీ చేతులున్నది.” సాలమ్మ మంచం మీద కూర్చుంది. “దాక్కున్నదానివి దాక్కున్నట్టు ఉండక, ఆ ముగ్గేందే?”

“పొద్దుగాల వాకిలి ఊడ్సి ముగ్గెయ్యకపోతే మా అవ్వ చాయ్ గూడ ఇయ్యకపోయేది. ఇప్పుడు అవ్వా లేదు, వాకిలీ లేదు. ఎయ్యకుంటే ఆ దినం మొదలైనట్టే అనిపియ్యదక్కా.”

నేను సుమన వైపు తిరిగాను. పద, ఇప్పుడే రిజిస్ట్రార్ ముందు నిలబడదాం అన్నాను. సాలమ్మ నా మీదికి లేచింది.

“నోర్ముయ్యి! నీకు ధర్నాకు మనిషి దొరికింది, గంతే. సెలవులల్ల లోపల ఉంటే సీటు తీసేస్తరని గోడ మీద రాసిలేదా? జూన్ పదికి దీనికి పరీక్ష. సీటు పోతే నీ జెండా కింద పండవెడ్తవా?”

ఎవరికీ చెప్పనని సాలమ్మకు మాటిచ్చాను. సాలమ్మ మీద పడ్డ నింద గురించి సుమనకు అప్పుడే తెలిసింది. ఆ పిల్ల మొహం చూడలేక నేను వరండాలోకి వచ్చాను. పోతూ పోతూ సాలమ్మ గేటుకు తాళం తగిలించింది, కానీ నొక్కలేదు.

మూడో రోజు మీ గదిలో ఏం జరిగిందో మీకు తెలుసు. తెలియనట్టు నటిస్తున్నారు కనుక రాస్తున్నాను. సాలమ్మ తాళంచెవి బల్ల మీద పెట్టి, “దొంగ దొరకలె సార్. నా పేరే రాసుకోండ్రి” అంది. పక్కనే నిలబడ్డ నేను నోరు విప్పలేదు. ఇచ్చిన మాట అది. అప్పుడు తలుపు దగ్గర సుమన కనిపించింది. పంతొమ్మిది రోజుల తర్వాత ఎండలో నడిచి వచ్చి, కళ్లు చిట్లించుకుంటోంది. సుద్దముక్కల డబ్బా తెచ్చి తాళంచెవి పక్కన పెట్టింది.

“బియ్యం తిన్నది నేను సార్. సాలమ్మక్కకు ఏం తెల్వదు. సుద్దముక్కలు రోజుకొకటి వాడిన. మిగిలినయి గివి.”

మీరు ఎందుకని అడగలేదు. తిన్నావా, జ్వరమొచ్చిందా, ఒక్కదానివి ఎలా ఉన్నావు అని అడగలేదు. “నిన్ను దాచిపెట్టింది ఎవరు?” అని అడిగారు. నేను నోరు తెరవగానే బయటికి పంపించారు. సాయంత్రానికి రెండు కాగితాలు వచ్చాయి. సుమన హాస్టల్ సీటు రద్దు. దొంగతో కుమ్మక్కైనందుకు సాలమ్మ పని రద్దు. లోపల పిల్లను పెట్టి తాళం వేసిన మేడానికి ఏ కాగితమూ రాలేదు.

ఇప్పుడు సుమన సాలమ్మ ఇంట్లో పడుకుంటోంది. ఒక్క గది, ఆరుగురు మనుషులు. ఆ వాకిలి సాలమ్మ కోడలు ఊడుస్తుంది. పొద్దున్నే ఈ పిల్లకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పుస్తకం పట్టుకుని పంపుహౌస్ గోడ నీడలోకి వచ్చి కూర్చుంటుంది. నీడ జరిగినప్పుడల్లా తనూ జరుగుతుంది. నేను పలకరిస్తే తల ఊపుతుంది. మోటారు ఆగినప్పుడు మాత్రం హాస్టల్ వైపు చూస్తుంది.

రేపు జూన్ రెండు. మీరు జెండా ఎగరేస్తారు. రాష్ట్రం వచ్చింది, నీళ్లొచ్చాయి అని మాట్లాడతారు. వచ్చాయి, సుమన ఇంటి మీదికే వచ్చాయి. జెండా ఎక్కేలోపు సాలమ్మ మీద రాసిన దొంగతనం కాగితం అందరి ముందూ చించండి. ఆమె తాళంచెవి ఆమె చేతికివ్వండి. సుమనకు ఆ చివరి గది తెరవండి, పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది. ఇకమీద తాళం పట్టుకున్నవాళ్లు మూడంతస్తులూ ఎక్కాలి. ప్రతి తలుపూ కొట్టాలి. ‘నీకు పోయేటందుకు జాగా ఉన్నదా బిడ్డా’ అని అడగాలి. లేదన్న పిల్ల ఒక్కతే ఉన్నా సరే, ఆ గేటు మూయొద్దు.