ఆగయ్య చెవి

రాత్రి పదకొండింటి సైరన్ కూసిన అరగంటకు ఆగయ్య ఇల్లు చేరేవాడు. ఒంటి మీది బొగ్గు కడుక్కుని, క్వార్టర్ ముందు నులక మంచం వాల్చుకుని, కళ్లు మూసుకుని గోదావరిఖనిని వినేవాడు.

ఇరవై రెండేళ్ల కింద పల్లె విడిచి వచ్చిన కొత్తలో ఆ చప్పుళ్లకు అతనికి నిద్ర పట్టేది కాదు. తర్వాత తర్వాత అవి లేనిదే పట్టేది కాదు. సైడింగులో వ్యాగన్లు ఒకదాన్నొకటి తగులుకుంటూ పోయే దడదడ, బస్టాండులో మంచిర్యాల ఆఖరి బస్సు కండక్టరు కేకలు, సెకండ్ షో వదలగానే రోడ్డు నిండా సైకిల్ బెల్లులు, బద్రుద్దీన్ హోటల్లో చాయ్ గ్లాసులు కడిగే గలగల, వెనక లైనులో పసిపిల్ల ఏడుపు, దాని తల్లి జోలపాట. అన్నింటి కింద చాపలా పరుచుకుని కీచురాళ్లు.

"సదయ్య పోతుండు. సైకిల్ చైన్ కవర్ ఊడింది" అనేవాడు కళ్లు తెరవకుండానే.

కనకవ్వ గుమ్మంలోంచి తొంగి చూసి నవ్వేది. "దేవుడు నీకు నోరు పెట్టబోయి మూడో చెవి పెట్టిండు."

ఆ చెవే అతనికి అన్నం పెట్టింది. బొగ్గు బాయిలో అతను టింబర్‌మన్. మందు పేల్చిన చోటికి అందరికన్నా ముందు అతను పోవాలి. గడ్డపారతో పైకప్పును కొట్టి వినాలి. గట్టిగా ఉన్న కప్పు కంచు గిన్నెలా ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన కప్పు తడిసిన డోలులా మొద్దుగా పలుకుతుంది. ఆగయ్య "రాండ్రి" అంటేనే గ్యాంగు కదిలేది. తల అడ్డంగా ఊపాడంటే కప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టేదాకా ఓవర్‌మన్ అయినా అడుగు వేసేవాడు కాదు.

పోయిన ఎండాకాలం మొదట కీచురాళ్లు పోయాయి. ఎండలకు చచ్చాయేమో అనుకున్నాడు. తర్వాత సైకిల్ బెల్లులు పోయాయి. ఆ తర్వాత చాయ్ గ్లాసులు. బద్రుద్దీన్ స్టీలువి తెచ్చాడేమోనని పనిగట్టుకుని హోటలుకు పోయి చూశాడు. అవే గాజు గ్లాసులు, అదే తొట్టి, అదే చెయ్యి.

సన్నని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటిగా ఊరు విడిచిపోతుంటే లావువి మాత్రం మిగిలాయి. వ్యాగన్లు, సైరన్. కనకవ్వ గాజులు ఎన్నడు పోయాయో అతను గమనించనే లేదు. ఒక రాత్రి ఆమె వడ్డిస్తుంటే చేతుల వంక చూశాడు. గాజులు ఉన్నాయి, కదులుతున్నాయి. అన్నం సగంలోనే లేచిపోయాడు. ఆ వారం నుంచే కనకవ్వ గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది.

బాయిలో ఏ కప్పు కొట్టినా మొద్దుగానే పలకసాగింది. వరసగా నాలుగు రోజులు ప్రతిచోటా తల అడ్డంగా ఊపాడు.

"ఏందే ఆగన్నా, బాయి మొత్తం గిట్లనే కూలుతదా?" అన్నాడు మొగిలి. "నీ దిమ్మెలకు అడివంత నరికినా సాలదు!"

గ్యాంగంతా నవ్వింది. ఆగయ్య కింద ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న రహమతుల్లా ఒక్కడే నవ్వలేదు. షిఫ్టు దిగి పైకి నడుస్తుంటే ముందుకొచ్చి ఎదురుగా నిలబడి, తన పెదాలు కనబడేలా నెమ్మదిగా అడిగాడు.

"కాకా, నీకు ఇనబడ్తలేదు గదా?"

ఆగయ్య నేల చూశాడు.

"తెలిస్తే అన్‌ఫిట్ అంటరు. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. కాకిని తోల్కొని యాడికి పోతవ్?" కాకా పెళ్లాం కాబట్టి కనకవ్వను రహమతుల్లా సరదాకు కాకి అనేవాడు. "ఫికర్ చెయ్యకు. నువ్వు కొట్టు, నేను ఇంట."

అప్పటినుంచి ఆగయ్య కొట్టేవాడు, వెనక నిలబడి రహమతుల్లా వినేవాడు. కప్పు గట్టిదైతే రహమతుల్లా టోపీ లైటు ఎదుటి గోడ మీద పైకీ కిందికీ రెండుసార్లు ఊగేది. కాకుంటే అడ్డంగా. ఆ వెలుగును చూసి ఆగయ్య "రాండ్రి" అనేవాడు. ఎనిమిది నెలలు అలా నడిచింది. ఆగన్న చెవికి తిరుగులేదని గ్యాంగు మళ్లీ అనసాగింది. రహమతుల్లా తన భార్య నుస్రత్ బేగంకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

ఆ రోజు రహమతుల్లాకు జలుబు. షిఫ్టు మొదలైనప్పటి నుంచి తువ్వాలతో ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆగయ్య కప్పును కొట్టాడు. ఎదుటి గోడ మీద వెలుగు పైకీ కిందికీ రెండుసార్లు ఊగింది. ఆగయ్య గడ్డపార భుజాన వేసుకుని ముందుకు నడిచాడు.

అవి రెండు తుమ్ములని అతనికి ఎలా తెలుస్తుంది?

వెనకనుంచి రహమతుల్లా అరిచే ఉంటాడు. అరవకుండా ఎందుకుంటాడు? మరుక్షణం ఆగయ్య వీపు మీద రెండు చేతులు పడ్డాయి. బోర్లా పడి, లేచి తిరిగి చూస్తే వెనక దుమ్ము. దుమ్ము తప్ప ఏమీ లేదు.

రహమతుల్లా చావు మీద జరిగిన విచారణలో మొగిలి తాను చూసింది చెప్పాడు. "ఆగన్న రమ్మనకముందే రహమతుల్లా ఉరికిండు సార్. బొగ్గు డబ్బాలు గుంజే హాలేజీ మోతల మాకేం ఇనబడలె."

"నిజమేనా?" అని సార్లు ఆగయ్యను అడిగారు. అతను తల దించుకున్నాడు. వాళ్లు దాన్ని అవుననే రాసుకున్నారు.

జల్ది చేసిండు, తన తప్పుకు తనే పోయిండు అని కాలనీ అంతా అనుకుంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక, రాత్రి పదింటికి నుస్రత్ బేగం కబురు పంపింది. ఆ రోజు డ్యూటీకి నాగా పెట్టిన ఆగయ్యకు కనకవ్వ తోడుగా వచ్చింది. దారిలో బద్రుద్దీన్ హోటల్ ముందు జనం గుమిగూడి ఉన్నారు. రేడియో మోగుతోంది కాబోలు, ఒకడు కాలితో తాళం వేస్తున్నాడు. రిక్షావాడు బెల్లు కొడుతూ మీది మీదికి వచ్చాడు. కనకవ్వ ఆగయ్య చెయ్యి పట్టి పక్కకు గుంజింది.

భర్త పోయినందుకు నుస్రత్ ఇద్దత్‌లో ఉంది. పరాయి మగవాళ్లకు ఎదురుపడకూడదు. గది మధ్యలో తాడు కట్టి పువ్వుల దుప్పటి వేలాడదీశారు. దాని ఇవతల చాప మీద ఆగయ్య, కనకవ్వ కూర్చున్నారు. అవతల ఆమె.

ఆగయ్య దుప్పటి వంక చూస్తూ కూర్చున్నాడు. ఇన్ని నెలలుగా అతను మనుషుల పెదాలనే విన్నాడు. పువ్వులకు పెదాలు లేవు. ఆమె మాట్లాడిందో లేదో కూడా తెలియలేదు. కొంతసేపటికి కనకవ్వ అతని మోకాలు తట్టి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది.

"మూడుసార్లు అడిగింది. ఆయిన చెప్పుల్ల కాలు పెట్టాలన్నా దులిపి పెట్టేటోడు గదా కాకా, నువ్వు చెప్పకముందే ఎందుకు ఉరికిండు అంటుంది."

అలవాటు కొద్దీ ఆగయ్య తల దించుకున్నాడు. సార్లకు అది సరిపోయింది. దుప్పటి అవతలికి తల దించుకోవడం చేరదు. నోరు తెరవాలి.

"బిడ్డా, నాకు చెవులు లెవ్వు" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికి తెలియలేదు. "ఎనిమిది నెల్ల సంది కప్పు చప్పుడు వాడే ఇన్నడు. నా నౌకరి వాడే చేసిండు. ఆ దినం ఆగమని ఒర్రి ఉంటడు. నాకు ఇనబడలె. నన్ను నూకెయ్యనీకె ఉరికిండు. వాని తప్పేం లేదు. సార్లు అడిగితే నోరు మూస్కున్న. రేపు పోయి చెప్త."

దుప్పటి కింది అంచు సన్నగా వణకసాగింది. కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమంటుందే?" అన్నాడు ఆగయ్య.

కనకవ్వ దుప్పటి వంకే చూసింది.

"చెప్పవే, ఏమంటుంది?"

ఏమీ అనడం లేదన్నట్టు కనకవ్వ తల అడ్డంగా ఊపింది. దుప్పటి ఇంకా వణుకుతూనే ఉంది. సైడింగులో వ్యాగన్లు కదిలినట్టున్నాయి, చాప కింద నేల అదిరింది. అప్పుడే పదకొండింటి సైరన్ కూసింది. అది ఆగయ్యకు చివరిదాకా వినబడింది.