కదలని కళ్లు

పత్తిని మిషన్ నోట్లోకి తోస్తూనే యేసుపాదం ఓ కంట ఆఫీసు గది వైపు చూస్తున్నాడు. చిలకలూరిపేట హైవే పక్కనున్న ఆ జిన్నింగు మిల్లులో అతనికిది ఇరవై ఆరో ఏడు. కనుబొమలు ఎప్పుడో నెరిశాయి. దూది నుసి కింద ఆ సంగతి ఎవరికీ కనిపించదు.

ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనే. సోమవారం మిల్లులో హాజరుకు వేలిముద్ర వేసేదీ అతనే. చేరిన కొత్తలో, తూకం చీటీ చదివి అంకె తప్పుందన్న తోటివాణ్ణి మర్నాటికల్లా మాన్పించారు. ఆ రోజే తనకు చదువు రాదని చెప్పేశాడు. కాగితం ముందు పెడితే కళ్లు అక్షరాల వెంట పోకుండా ఒకేచోట నిలపడం నేర్చుకున్నాడు. అతనికి చదువొచ్చని తోటి కూలీలందరికీ తెలుసు. ఎవరూ బయటపెట్టలేదు.

పదకొండింటికి మిషన్లు ఆగాయి. సూపర్‌వైజర్ శరత్‌చంద్ర ఓ కాగితం, స్టాంపు ప్యాడ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు రోజుల కిందట మిషన్ బెల్టులో పడి తోటి కూలీ సాల్మన్ కుడిచెయ్యి పోయింది.

"సాల్మన్‌కి సాయం చెయ్యమని ఓనరుగారికి మీరంతా పెట్టుకునే అర్జీ ఇది. పెద్దోడివి, ముందు నువ్వెయ్యి యేసుపాదం."

యేసుపాదం వంగాడు. ఈసారి కళ్లు ఆగలేదు. 'తాగి వచ్చి, వద్దన్నా వినకుండా, తనే చెయ్యి పెట్టాడు' అని ఉంది. తను వేలు పెడితే వెనకున్న ముప్పైమందీ పెడతారు. సాల్మన్‌కు నష్టపరిహారం రాదు. పెట్టకపోతే తన పని పోతుంది.

"ఏంటయ్యా, చదివేవాడిలా అంతసేపు చూస్తున్నావు? డిగ్రీ ఇప్పించమంటావా?" శరత్‌చంద్ర నవ్వాడు.

"అన్నా, వెయ్యమంటావా?" వెనక నిలబడ్డ కూలీల్లోంచి జోహరాబీ అడిగింది. అందులో ఏం రాశారో చెప్పమని ఆమె అడుగుతోంది.

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. చర్చిలో చదివినట్టే, మాటకు మాట విడదీసి, చివరిదాకా పైకి చదివాడు.

"మావాడు టీ తప్ప ఏదీ ముట్టడు సార్. బెల్టుకి కవర్ లేదని మీతో చెప్పింది కూడా వాడే."

శరత్‌చంద్ర మొహంలో కోపం కంటే ముందు మోసపోయినవాడి ఉక్రోషం కనిపించింది. "ఇన్నేళ్లూ చదువు రానట్టు నటించావా?"

"వచ్చని చెబితే ఉండనిచ్చేవాళ్లా సార్?"

"రేపట్నుంచి రావద్దు నువ్వు."

"రేపటిదాకా ఎందుకులెండి."

తలకు కట్టిన తువ్వాలు విప్పి దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా యేసుపాదం గేటు దాటి వెళ్లిపోయాడు.

"నువ్వు రా." శరత్‌చంద్ర జోహరాబీని పిలిచాడు. ఆమె బొటనవేలు పిడికిట్లోకి మడుచుకుంది. కదల్లేదు.

బల్ల మీద స్టాంపు ప్యాడ్ మూత తెరిచే ఉంది. తడి సిరా మీద దూది నుసి ఒక్కొక్క పోగే వచ్చి వాలుతోంది.