లాకుల దగ్గరి ఈత్ వన్

నేను ఒక నెట్‌వర్క్ కార్డును. అరచేతిలో ఇమిడే పచ్చని పలక, ఒక అంచున తీగ దూర్చే మూతి, పక్కనే మినుకుమనే దీపం, చూడ్డానికి ఇంతే. కానీ కోనసీమలో ఒక మురుగు కాలువ లాకుల దగ్గర తొమ్మిదేళ్లు కొలువు చేశాను. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న ఆఫీసుకు చెప్పాలి, గేట్లు ఎత్తమని అక్కడి నుంచి వచ్చిన ఆజ్ఞ ఇక్కడ అందించాలి. గొప్పలు కాదు, ఉన్నవే చెప్పుకుంటున్నాను.

పుట్టింది ఏ దేశపు ఫ్యాక్టరీలోనో గుర్తులేదు. మొదట రాజమండ్రిలో ఒక నెట్ సెంటర్లో పిల్లల హాల్ టికెట్లు మోశాను. అది మూతపడ్డాక హైమావతి గారి చేతికొచ్చాను. ఆవిడ ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూస్తారు. మౌసు ముట్టరు, నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి మాతో మాట్లాడతారు. లాకుల గదిలోని యంత్రంలో నన్ను బిగించిన రోజున, అందులో ముందే ఉన్న కార్డేదో నేనేదో తేల్చుకోవడానికి దీపం ఆర్పి వెలిగించమని ఆజ్ఞ ఇచ్చారు. మినుకుమన్నాను. ముందే ఉన్నది గేట్ల మోటార్లతో మాట్లాడే ఈత్ జీరో, ఆఫీసుతో మాట్లాడే నా పేరు ఆ రోజు నుంచి ఈత్ వన్.

రోజూ పదింటికి ఆఫీసు నుంచే పలకరించేవారు. లేచి ఉన్నావా, నీ చిరునామా ఏమిటి, ఎన్ని సమాచారపు పొట్లాలు వచ్చాయి, ఎన్ని దారిలో రాలిపోయాయి? అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పేవాడిని. మనుషులు ఒకరినొకరు ఇంత శ్రద్ధగా అడుగుతారో లేదో నాకు తెలియదు.

నన్ను పలకరించనిది నూకరాజు గారొక్కరే. ఆయన లాకులను కనిపెట్టుకుని ఉండే లష్కరు. నేను రాకముందు రాతి కొలబద్ద చూసి నీటిమట్టం చెప్పిందీ, మనుషుల్ని పెట్టి గేట్లు తిప్పించిందీ ఆయనే. నేనొచ్చాక ఆయనకు గది తాళంచెవి ఒక్కటే మిగిలింది. నా మీద ఆయన కోపం న్యాయమైనదే.

తుపాను పట్టిన రోజు మధ్యాహ్నం, గట్టు మీది కాలనీలో నలభై ఇళ్ల మెట్లకు నీళ్లు తగిలాయి. గేట్లు ఎత్తాలి. ఎత్తేముందు హైమావతి గారు నన్ను చూసుకుంటే నా వేగం పదోవంతుకు పడిపోయి ఉంది. తప్పు ఎలుక కొరికిన తీగది, నన్నెవరడిగారు? ఒకసారి పడుకోబెట్టి లేపితే సర్దుకుంటానని ఆవిడ అనుకున్నారు. 'డౌన్' అని కొట్టి ఎంటర్ నొక్కారు. ఆజ్ఞ ఆజ్ఞే. కళ్లు మూసుకున్నాను.

'అప్' అనే ఆజ్ఞ కూడా నాలోంచే రావాలన్న సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. ఇలాంటి పొరపాటు చదువు రానివాళ్లు చెయ్యలేరు, పదిహేనేళ్ల అనుభవం కావాలి. కరెంటు ఆపి మళ్లీ వేయిద్దామంటే ఆ పాత యంత్రం ఆరితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. గేట్లు చేత్తో తిప్పాలంటే ఎనిమిది మంది, సగం రోజు. ఆ గాలిలో ఎవరొస్తారు?

లాకుల గదిలో నూకరాజు గారి ఫోను మోగింది, అవతల హైమావతి గారు. గదిలో అంతా వినబడేలా ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, ఏడో తరగతిలో వదిలేసిన ఇంగ్లీషును కీబోర్డు మీద వేలితో వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఆవిడ పాస్‌వర్డు చెప్పబోతే ఆగారు.

"ఎవరికీ చెప్పకూడదని గోడ మీద తమరే అంటించారు కదండీ?"

"నేనే అంటించాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను. కొట్టండి."

"కొడుతున్నానండి. తెర మీద ఏమీ పడటం లేదండి."

"పడదు. అయినా కొట్టండి."

కొట్టింది కంటికి కనబడకపోయినా చెయ్యి ఆపలేదాయన. పాస్‌వర్డు సరిపోయి యంత్రం తలుపు తెరుచుకుంది. తర్వాత ఒక్కో అక్షరం, ఖాళీ ఉన్నచోట కీబోర్డు అడుగున ఉండే పొడుగు బద్ద. ఒకసారి ఖాళీ మరిచిపోతే యంత్రం కసిరింది. చెమట తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి కొట్టారు. చివరికి యు, పీ, ఎంటర్.

కళ్లు తెరిచాను.

"దీపం వెలిగిందండి," అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు. నా వేగం పదోవంతే, కానీ గేట్లు ఎత్తమన్న మాట ఎంతని? మోసుకొచ్చాను. గేట్లు లేచాయి. కాలనీ ఇళ్ల మూడో మెట్టు దాకా ఎక్కిన నీళ్లు గడప తొక్కకుండానే వెనక్కి తగ్గాయి.

ఆ మర్నాడే తీగ మార్చారు. అప్పటి నుంచి హైమావతి గారు 'డౌన్' పక్కనే, అదే వరుసలో 'అప్' కూడా రాసి గానీ ఎంటర్ నొక్కరు. కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ తన పేరు దాచుకోకుండా చెబుతారు. నూకరాజు గారు మాత్రం పొద్దున్నే గది తీయగానే, ఆవిడ కంటే ముందు, లేచి ఉన్నావా అని తనే కొట్టి అడిగేవారు. రోజూ అప్ అనే చెప్పాను.

పోయిన నెల కొత్త యంత్రం వచ్చింది. పాతదాన్ని విప్పే ముందు ఏ కార్డు ఏదో తెలియడానికి హైమావతి గారు దీపం మినుకుమనిపించే ఆజ్ఞ ఇచ్చారు. పీకెయ్యడానికే పిలుస్తున్నారని తెలుసు. అయినా మినుకుమన్నాను, మొదటి రోజంత గట్టిగా.

ఆవిడ తుక్కు గోనె మూతి విప్పి పట్టుకున్నారు. నూకరాజు గారు నన్ను తుడిచి తన చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఇది గోనెలో వెయ్యనండి. దీన్ని లేపింది నేనండి."