ఊరి పాట మొదలైనప్పుడు

నేను ఒక స్టూలును. ప్రస్తుతం నా మీద ఒక చేట ఉంది, చేటలో చిక్కుడుకాయలున్నాయి. చేటకు అటుపక్క తాయారు, ఇటుపక్క ఆమె మరిది వీరబాబు నేలమీద కూర్చుని, పొద్దున్న కాఫీ దగ్గర మొదలుపెట్టిన తగువును చిక్కుడుకాయల దాకా లాక్కొచ్చారు. ఒలుస్తున్నది ఆమె. అతను సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. కోపం మీద ఉన్నాడేమో, ఈనెలు కూరగిన్నెలోనూ కాయలు చెత్తలోనూ వేస్తున్నాడు.

"ముప్పావుగంట, వదినా! ముప్పావుగంట! ముందు ఎవడో వాయిస్తాడంట, వెనకాల ఇంకెవడో వాయిస్తాడంట, మధ్యలో మనోళ్లు. పెళ్లిభోజనంలో అప్పడంలాగ!"

"అప్పడం లేకపోతే అది పెళ్లిభోజనమేంటి?" అంది తాయారు, అతని గిన్నెలోంచి ఈనెలు ఏరుతూ.

"నవ్వులాటగా ఉందా నీకు? ఊరూరా తిరిగి మూడేసి గంటలు ఆడినోళ్లు ఆళ్లు. ఇప్పుడు ఊళ్లకి రారంట. పెద్ద పెద్ద పాటల పండగలకే వెళ్తారంట. మనం టిక్కెట్టు కొనుక్కుని విశాఖపట్నం పోయి, బీచిలో ఆళ్ల కోసం కాచుక్కూర్చోవాలంట. గ్రూపులో పెట్టేశాను నేను. మా ఇంట్లోంచి ఒక్కరు కూడా రారని."

"మా ఇంట్లోంచి అంటే?"

"అంటే మనిల్లే."

తాయారు చేతిలోని కాయ తుంచకుండా కాసేపు అలాగే ఉండిపోయింది. అతను చూడలేదు. నేను చూశాను. మా ఎత్తు అలాంటిది, మనుషుల మొహాల కంటే చేతులే మాకు బాగా కనబడతాయి.

ఈ తగువేమిటో తెలియాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

నన్ను చేసింది తాళ్ళరేవు పడవల వడ్రంగి. కాకినాడ జగన్నాథపురంలో ఉండే రాఘవమ్మగారు, అంటే తాయారు అత్తగారు, అటక మీది ఊరగాయ జాడీలు అందడం లేదని అతనికి చెప్పారు. పడవకు పోను మిగిలిన చెక్కతో నన్ను చేశాడు. నాలుగు కాళ్లనూ కొంచెం బయటికి చాచిపెట్టి, "పడవ ఊగినా పరవాలేదమ్మా, మనిషెక్కి నిలబడేది ఊగకూడదు" అన్నాడు. కొన్నేళ్లపాటు జాడీలు దించడమే నా ఉద్యోగం. అదే చేస్తూ పోయుంటే నా జీవితంలో చెప్పుకోవడానికి ఉప్పూ కారం తప్ప ఏమీ ఉండేవి కావు.

అప్పుడు ఉప్పుగాలి వచ్చింది. ఉప్పుగాలి అంటే నలుగురు కుర్రాళ్ల రాక్ బ్యాండు. విశాఖ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లు. తెలుగులో రాక్ ఏమిటని జనం నవ్వే రోజుల్లోనే పాత వ్యాను ఒకటి కొనుక్కుని, గిటార్లూ డ్రమ్ములూ అందులో పడేసుకుని, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కనబడిన కాలేజీ మైదానమల్లా తిరిగారు. వీరబాబు అప్పుడు చదువుకుంటున్నాడు. చదువుకుంటున్నాడంటే వాళ్ల అన్నయ్య ఒప్పుకోడనుకోండి. కాకినాడలో అభిమానుల సంఘం పెట్టి వాళ్లను పిలిపించింది అతనే. హోటలు భోజనం పెట్టే స్తోమత సంఘానికి లేదు కనక ఆ భారం మా వంటింటి మీద పడింది. తాయారు కాపురానికొచ్చి అప్పటికి ఏడాది కాలేదు.

ఆ సాయంత్రం, డ్రమ్ములు వాయించే విల్సన్ కూర్చునే ఇనపసీటు వ్యానులోంచి దింపుతుంటే విరిగింది. వీరబాబు పరుగున ఇంటికొచ్చి, నా మీదున్న పప్పుగిన్నె కింద పెట్టేసి, నన్ను సైకిలు వెనకాల కట్టుకుపోయాడు.

విల్సన్ అప్పుడు సన్నగా రివటలా ఉండేవాడు. వాయించడం మొదలుపెడితే మాత్రం ఆ బరువు ఎక్కణ్ణించి వచ్చేదో! నేను వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆట అయ్యాక అతను నన్ను గుర్రాన్ని తట్టినట్టు తట్టి, "ఇక సీటు మొయ్యను. ఏ ఊరెళ్తే ఆ ఊళ్లో ఓ ఇంటి స్టూలు అడుగుతాను" అన్నాడు. అన్నట్టే చేశాడు. రాజమండ్రిలో మంగలిషాపు స్టూలట, ఒంగోల్లో ఒక టీచరమ్మ ఇంట్లో స్టూలట. నాకు అలా చుట్టరికం చాలా ఊళ్లలో ఉంది. ఎవరినీ చూడలేదు.

వాళ్లకు ఇంకో ఆనవాయితీ ఉండేది. ఆట మొదలుపెట్టేది ఊరి పాటతో. ఆ రోజు ఆ ఊళ్లో ఏం చూశారో, ఏం తిన్నారో, ఎవరి చేత తిట్లు పడ్డారో అంతా కలిపి, వ్యాను వెనకాల కూర్చుని అప్పటికప్పుడు కట్టేవాళ్లు. ఒక్కసారే పాడేవాళ్లు. అది క్యాసెట్లలో ఉండదు, ఇంకో ఊళ్లో వినబడదు. దాని కోసమే జనం వేళకు ముందొచ్చి కూర్చునేవాళ్లు.

కాకినాడ మొదటి ఊరి పాటలో మా తాయారు ఉంది. మామిడికాయ వేసిన మెత్తళ్ల చేపల పులుసు ఉంది. గిన్నె అడుగు కనబడేదాకా వడ్డించి, తనకు మిగల్లేదన్న సంగతి ఎవరికీ చెప్పని కొత్త కోడలు ఉంది. జనం ఈలలు వేశారు. మొదటి వరసలో ఒక కుర్చీ మాత్రం ఖాళీ. వీరబాబు దాని మీద తన జేబురుమాలు పరిచి వదినకని పట్టిపెట్టాడు. వదిన ఆ వేళకు జగన్నాథపురంలో ఎంగిలి కంచాలు తోముతోంది.

ఆమె వచ్చేసరికి మూడో పాట నడుస్తోంది. కుర్చీలో కూర్చుని, చెంగుతో చేతులు తుడుచుకుని, వేదిక వైపు చూసింది. తన వంటింటి స్టూలు రంగుదీపాల కింద కనబడగానే ఫక్కున నవ్వింది. ఆ తరవాత ఆట ముగిసేదాకా నేను ఆ మొహాన్నే చూశాను. ఏడాదిగా ఇంట్లో చూస్తున్న మనిషే, మొహం మాత్రం నాకు కొత్త.

ఉప్పుగాలి మా ఊరు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ భోజనాలు మా ఇంట్లోనే. "నువ్వొచ్చాకే మొదలెట్టిస్తాను వదినా" అని వీరబాబు ప్రతిసారీ మాటిచ్చేవాడు, ప్రతిసారీ జనం కేకల్లో మరిచిపోయేవాడు. జేబురుమాలు మాత్రం మరవలేదు పాపం. ఊరి పాటలో ఏముందో మర్నాడు తలా ఒకలా చెప్పేవాళ్లు. తాయారు అందరినీ అడిగేది, అందరు చెప్పిందీ వినేది. అన్నీ కలిపినా అది పాట అయ్యేది కాదు. నాకు నాలుగు పాటలూ వచ్చు. చెప్పే నోరుంటే నన్ను అటక కింద ఎందుకు పెడతారు?

మనుషుల్లో ఒక చిత్రం గమనించాను. ఎవరికైనా చోటు పట్టిపెడితే చాలు, వాళ్లు వచ్చి కూర్చున్నట్టే వీళ్లకు గుర్తుండిపోతుంది.

నాలుగోసారి వచ్చినప్పుడు విల్సన్ జుట్టు తెల్లబడింది. అందరూ చాపల మీద బారుగా కూర్చున్నారు. అతను కిందికి వంగబోయి, మళ్లీ నిటారుగా లేచి, గుమ్మం పట్టుకుని గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడ్డాడు. తాయారు ఏమీ అనకుండా నన్ను తెచ్చి వేసింది. కంచం కుట్టుమిషను బల్ల మీద పెట్టింది.

"వయసమ్మా" అన్నాడతను సిగ్గుపడుతూ.

"వయసు కాదండి, వ్యాను" అంది ఆమె.

ఆ సాయంత్రం మైదానంలో కూర్చునేముందు అతను నా అంచు చేత్తో పట్టుకున్నాడు. పాటకూ పాటకూ మధ్య బరువంతా ఒకపక్కకు మార్చుకునేవాడు. చప్పట్లు ఆగిపోయి జనం సైకిళ్లు వెతుక్కుంటున్నా నా మీంచి లేవలేదు. ఉప్పుగాలి ఇక ఊళ్లు తిరగదన్న సంగతి అభిమానుల సంఘానికి మొన్న తెలిసింది. నాకు అప్పుడే తెలిసింది.

ఇక చిక్కుడుకాయల దగ్గరికి వద్దాం.

"పండగల్లో ఊరి పాట పాడరంట" అన్నాడు వీరబాబు. గొంతులో కోపం పోయి దిగులు వచ్చింది. "ఎక్కడికెళ్లినా ఒకటే మొదటి పాటంట. ఊరి పాట లేకపోతే అది ఉప్పుగాలి ఏంటి వదినా? సగం మంది ముసలోళ్లయ్యారు పోనీ అంటున్నారు. నేను ఒప్పుకోను. ఊళ్లకి రాలేకపోతే గౌరవంగా ఇంట్లో కూర్చోమను."

"ఇంట్లో కూర్చోడం అంత గౌరవమా?" అంది తాయారు. "కిందటిసారి ఆ విల్సన్‌గారు చాప మీద కూర్చోలేకపోయారు. చూశావా నువ్వు?"

"ఎప్పుడు?"

"నువ్వు ఫోటోలు దిగుతున్నప్పుడు. అలాంటి నడుంతో రోజల్లా వ్యానులో పడొచ్చి, మూడు గంటలు వాయించి, మళ్లీ వ్యానెక్కమంటావా? ముప్పావుగంటైతే వాయించగలరు. అందుకని ముప్పావుగంట వాయిస్తున్నారు. ఇందులో పొగరేముంది?"

వరండాలో పేపరు వెనకనుంచి తాయారు భర్త సుబ్బారాయుడు అందుకున్నాడు. "ఒరేయ్, మీ వదినకి తెలిసింది మీ సంఘానికి తెలీదురా. సంఘం మూసేసి చిక్కుడుకాయలు ఒలవడం నేర్చుకో."

"నువ్వుండు అన్నయ్యా. పాటంటే నిద్రొస్తాది నీకు." వీరబాబు వదిన వైపు తిరిగాడు. "నడుం సంగతి సరే. ఊరి పాటో? మన మైదానంలో, మన మీద కట్టిన పాట. మళ్లీ ఒక్కసారి వినాలని లేదా నీకు?"

"మళ్లీనా?" అంది తాయారు. "నేనెప్పుడు విన్నాను?"

"అదేంటి? నాలుగుసార్లూ మొదటి వరసలో నీకే కదా కుర్చీ!"

"కుర్చీ నాదే. కూర్చుంది నీ జేబురుమాలు."

వరండాలో పేపరు చప్పుడు ఆగింది. వీరబాబు మొహం చూస్తే నాకే జాలేసింది. బుకాయిస్తున్నవాడి మొహం కాదది. ఇన్నేళ్లూ అతను వదినను ఆ కుర్చీలో నిజంగానే చూస్తూ వచ్చాడు. ఇప్పుడు ఒక్కొక్క ఆటే వెనక్కి తిరిగి వెతుక్కుంటున్నాడు. ఎక్కడ చూసినా ఖాళీ కుర్చీ, చదును చేసి పరిచిన రుమాలు.

"ఒక్కమాట చెప్పొచ్చు కదా వదినా" అన్నాడు చివరికి.

"ఏమని చెప్పను? బ్యాండోళ్లు నలుగురే బాబూ. ఆళ్ల వెనకాల మీ సంఘమంతా తినెళ్లేది" అంది తాయారు. నిష్ఠూరంగా అనలేదు. కూరలో ఉప్పు చాలిందో లేదో చెప్పినట్టు అంది. చేట తీసుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నాకూ ఆ పండగకి వెళ్లాలని ఉందా అంటే, ఉంది. కానీ అక్కడ వేదిక మీద సీటు ముందే వేసి ఉంటుందట, ఏ ఇంటి స్టూలూ అక్కర్లేదట. వినగానే కాస్త చివుక్కుమంది. తరవాత ఇంకోటి తట్టింది. ఏ ఇంటి స్టూలూ అక్కర్లేని చోట ఏ ఇంటి వంటా అక్కర్లేదు. వాళ్ల కోసం గిన్నె దించేవాళ్లు ఉండరు, తోమేవాళ్లు ఉండరు. వచ్చినవాళ్లు వినడానికే వస్తారు. వీరబాబు దాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నాడు గాని, మా వంటింట్లోంచి చూస్తే అది ఎంత పెద్ద సంగతో!

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. రాఘవమ్మగారు మోకాళ్ల నొప్పుల వల్ల ఈమధ్య నా మీదే కూర్చుంటున్నారు. పసిపిల్లంత బరువు. తాయారు అన్నీ వడ్డించి, మజ్జిగ గిన్నె అందరికీ అందేలా మధ్యలో పెట్టి, తన కంచం కూడా తెచ్చుకుని వాళ్లతోపాటు కూర్చుంది. ఎప్పుడూ అందరి తరవాత తినే మనిషి. రాఘవమ్మగారు ముద్ద ఆపి చూశారు.

"శనివారం పొద్దున్న బండికి నేను విశాఖపట్నం వెళ్తున్నాను" అంది తాయారు, అన్నం కలుపుకుంటూ. "ఉప్పుగాలిని వినడానికి. ఇందాక ఫోన్లో టిక్కెట్టు తీసుకున్నాను. ఒక్కటే. రాత్రికి మా పెద్దమ్మ కూతురింట్లో ఉండి ఆదివారం వస్తాను."

సుబ్బారాయుడు కంచంలోంచి తలెత్తాడు. "మరి ఇక్కడ వంటో?"

"ఇద్దరు మగాళ్లున్నారు కదరా ఇంట్లో" అన్నారు రాఘవమ్మగారు. "నేను నా మోకాళ్లేసుకుని కూర్చుని చెప్తాను, మీరు చెయ్యండి."

కూరలో వీరబాబు వేసిన ఈనె ఒకటి అతనికే వచ్చింది. దాన్ని తీసి కంచం అంచున పెట్టి, తలెత్తకుండా అడిగాడు.

"ఎన్నింటికి వదినా, ఆళ్ల వంతు?"

"ఆరింటికంట" అంది తాయారు. "నేను నాలుగింటికే వెళ్లి కూర్చుంటాను."